నాలుక పసిగట్టని నీళ్లు

నీళ్లకు రంగు, రుచి, వాసన ఉండవని బడిలో చెబుతారు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఆ మాట ఎవరూ నమ్మరు. ఏ బావి నీళ్లు తియ్యగా ఉంటాయో, ఏ బోరు నీళ్లు ఉప్పగా కొడతాయో, ఏ చేతిపంపు నీళ్లు గిన్నెలు తోమడానికి తప్ప పనికిరావో ఇక్కడి ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. హాలియా నుంచి మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ దాకా నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పచ్చగా పరుచుకుని ఉంటుంది. పడమరకు, వాయవ్యానికి తిరిగి దేవరకొండ, మునుగోడు, మర్రిగూడ వైపు పోతే కాలువ ఎక్కని మెట్ట భూములు, వందల అడుగుల లోతు బోర్లు. ఈ రెండు నేలల్లోనూ మనుషులు తిండినీ నీళ్లనూ ఎంచుకునేది నాలుకతో, ముక్కుతోనే. బియ్యం విషయంలో వాటి తీర్పుకు తిరుగులేదు. నీళ్ల విషయంలో అదే నాలుక, అదే ముక్కు మూడు నాలుగు తరాల ఎముకలను కాపాడలేకపోయాయి. బియ్యంలో అంత నేర్పు చూపే ఇంద్రియం నీళ్ల దగ్గర ఎందుకు మూగబోయిందో తెలియాలంటే అది పనిచేసే తీరు తెలియాలి. అది తెలిస్తే ఇవాళ ఊరూరా నీళ్ల క్యాన్ల చుట్టూ నడుస్తున్న వ్యవహారంలో ఏది నమ్మాలో, ఏది నమ్మకూడదో కూడా తేలుతుంది.

ముందు బియ్యం సంగతి. చిట్టిముత్యాలు వండుతుంటే మూత తీయకముందే వీధిలోకి వాసన వస్తుంది. ఆ వాసనకు ప్రధాన కారణం 2-ఎసిటైల్-1-పైరోలిన్ అనే పదార్థం. బాస్మతిలోనూ ఇదే, వేయించిన మొక్కజొన్న పేలాల్లోనూ ఇదే. మామూలు వరి రకాల్లో ఒక ఎంజైమ్ ఈ పదార్థం తయారీకి కావలసిన ముడిసరుకును ముందే వాడేసుకుంటుంది. సువాసన రకాల్లో ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువులో ఎనిమిది అక్షరాలు ఊడిపోయి ఉంటాయని 2005లో తేలింది. అంటే ఒక చిన్న లోపం వల్ల పుట్టిన పరిమళాన్ని మన పూర్వీకులు ముక్కుతో పట్టుకుని, ఆ విత్తనాన్ని దాచి, తరతరాలుగా నాటుకుంటూ వచ్చారు. ఆ పట్టుకోవడంలో ఉన్న సూక్ష్మత ఆశ్చర్యం కలిగిస్తుంది. వెయ్యి కోట్ల పాళ్ల నీటిలో ఈ పదార్థం ఒక్క పాలు కలిసినా మనిషి ముక్కు గుర్తుపట్టగలదు. మన ముక్కు పైభాగంలో, కళ్ల మధ్య ఎత్తున, తపాలా బిళ్ల కన్నా పెద్దది కాని పొర ఒకటుంది. అందులో లక్షల నాడీకణాలుంటాయి. వాటి కొసలు జిగురులో తేలుతూ గాలిలో వచ్చే అణువుల కోసం కాచుకుని ఉంటాయి. రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్ 1991లో ఆ కణాల మీది గ్రాహకాల జన్యువులను కనిపెట్టారు, 2004లో నోబెల్ అందుకున్నారు. మనిషిలో అలాంటి గ్రాహకాలు సుమారు 400 రకాలు పనిచేస్తున్నాయి. ఒక్కో కణం మీద ఒకే రకం గ్రాహకం. అయితే ఒక్కో వాసనకు ఒక్కో గ్రాహకం అని లెక్క లేదు. హార్మోనియం మీద కొన్ని మెట్లే ఉన్నా వాటిని కలిపి నొక్కే తీరును బట్టి లెక్కలేనన్ని స్వరమేళనాలు పుట్టినట్టు, ఒక అణువు పది గ్రాహకాలను తాకితే ఇంకో అణువు వాటిలో ఆరింటినీ కొత్తగా మూడింటినీ తాకుతుంది. మెదడు ఆ కలయికను చదువుతుంది. కొత్త బియ్యానికీ పాత బియ్యానికీ, పచ్చి బియ్యానికీ ఉప్పుడు బియ్యానికీ తేడా అలాగే తెలుస్తుంది. తవుడు మరపట్టిన కొద్ది గంటల్లోనే ముక్కిపోవడం మొదలవుతుంది. అందులోని నూనెను ఎంజైములు విడగొడతాయి, ఆ ముక్కలు గాలి తగిలి కంపు పదార్థాలుగా మారతాయి. మిల్లులో పనిచేసేవాళ్లు బస్తా విప్పగానే ఆ తేడా చెప్పేస్తారు. ఏ యంత్రమూ అంత త్వరగా చెప్పదు.

ఇంకో సంగతి చాలామందికి కొత్తగా అనిపిస్తుంది. మనం రుచి అనుకునే దానిలో చాలా భాగం వాసనే. నమిలేటప్పుడు ముద్దలోంచి లేచే ఆవిరి నోటి వెనకనుంచి, కొండనాలుక పైగా ముక్కులోకి ఎక్కుతుంది. ముక్కు రంధ్రాల గుండా పీల్చే దారి ఒకటైతే ఇది రెండో దారి. ఈ దారిన వచ్చిన వాసనను మెదడు ముక్కు ఖాతాలో వేయదు, నోటి ఖాతాలో వేస్తుంది. అందుకే ఆవకాయలో ఆవ ఘాటు, ఇంగువ, వేరుసెనగ నూనె మనకు నాలుక మీద ఉన్నట్టే తోస్తాయి. జలుబు చేసినప్పుడు అన్నం చప్పగా అనిపించేది నాలుక చెడి కాదు, ఈ వెనకదారి మూసుకుపోయి. 2020లో కరోనా వచ్చినప్పుడు రుచి పోయిందని చెప్పినవాళ్లలో చాలామందికి నిజంగా పోయింది వాసనే. ఆ వైరస్ ప్రధానంగా దెబ్బతీసింది వాసన నాడీకణాలను కాదు, వాటికి ఆసరాగా ఉండే పక్క కణాలను. అందుకే చాలామందికి కొన్ని వారాల్లో వాసన తిరిగి వచ్చింది. కొందరికి నెలలు పట్టింది. ఆ రోజుల్లో ఉప్పు, పులుపు తెలుస్తున్నాయి గానీ పప్పుకూ పచ్చిపులుసుకూ తేడా తెలియడం లేదని బాధపడినవాళ్లు, తమకు తెలియకుండానే నాలుక హద్దు ఎక్కడో కచ్చితంగా చెప్పారు.

ఆ హద్దు చాలా ఇరుకు. నాలుక పట్టుకునేవి అయిదే: తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసపు పులుసులో, పండిన టమాటాలో, పుట్టగొడుగులో ఉండే ఉమామి. ఈ అయిదోదాన్ని 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా వేరుచేసి చూపాడు. మన షడ్రుచుల్లోని కారం, వగరు ఈ లెక్కలోకి రావు. కారాన్ని పట్టేది రుచి కణం కాదు, వేడిని పట్టే నాడి. మిరపలోని పదార్థం, 43 డిగ్రీలు దాటిన వేడి ఒకే గ్రాహకాన్ని తట్టిలేపుతాయి. ఆ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. వగరు అంటే కాయలోని టానిన్లు లాలాజలంలోని మాంసకృత్తులను పట్టేసి నోటిని గరుకు చేయడం. అయినా షడ్రుచులను తప్పు అనడం న్యాయం కాదు. నోటికి కలిగే అనుభవాన్ని ఆ లెక్క పూర్తిగా చెబుతుంది, ఈ లెక్క కణాలను చెబుతుంది. తప్పు అనవలసింది నాలుక పటాన్ని: కొసన తీపి, పక్కల పులుపు, వెనక చేదు అని ఇప్పటికీ కొన్ని పుస్తకాల్లో కనిపించే బొమ్మను. 1901 నాటి ఒక జర్మన్ పరిశోధనను తర్వాతివాళ్లు సరిగా చదవకపోవడం వల్ల పుట్టిన పటం అది. అయిదు రుచులూ నాలుక మీద దాదాపు అన్నిచోట్లా తెలుస్తాయి. ఇక్కడ మనకు కావలసింది మరొకటి. తీపికీ ఉమామికీ కలిపి మూడు గ్రాహక భాగాలే ఉంటే చేదుకు ఇరవై అయిదు దాకా గ్రాహకాలున్నాయి. తీపి అంటే తిండి, దానికి ఒక గుర్తు చాలు. చేదు అంటే విషం, మొక్కలు చేసే విషాలు వేల రకాలు. ప్రకృతి ఇన్ని కాపలా పెట్టింది అడవిలో ఆకులు, కాయలు, గింజలు ఏరుకుని తిన్న జీవి కోసం. అది గ్రానైట్ రాయిని దృష్టిలో పెట్టుకోలేదు.

నల్లగొండ కథలో గ్రానైటే అసలు పాత్ర. ఈ నేల అడుగున ఉన్న రాళ్లలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నాయి. నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిస్తే ఫ్లోరైడ్ కరిగి కలుస్తుంది. బోరు లోతుకు పోయేకొద్దీ రాతితో చాలాకాలం కలిసి ఉన్న నీళ్లు పైకి వస్తాయి. తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చని, వేరే దారి లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణాలు చెబుతాయి. జిల్లాలో దానికి ఎన్నో రెట్లు ఎక్కువ ఉన్న బోర్లున్నాయి. ఆ నీళ్లను ముక్కు ముందు పెడితే ఏమీ తెలియదు, ఎందుకంటే ముక్కుకు అందాలంటే పదార్థం ఆవిరై గాలిలో ఎగరాలి. నీటిలో కరిగిన లవణం ఎగరదు. ఇక మిగిలింది నాలుక. ఉప్పుదనాన్ని నాలుక పట్టేది ప్రధానంగా సోడియం ద్వారా, దాన్ని లోపలికి రానిచ్చే సన్నని ద్వారాల ద్వారా. పులుపు ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్ల ద్వారా. తీపికీ చేదుకూ ఉమామికీ ప్రత్యేకమైన ఆకారం ఉన్న అణువులు కావాలి. ఫ్లోరైడ్ వీటిలో దేనికీ పనికిరాదు. ఎముకకు చేటు చేసే మోతాదులో నీటిలో కలిసి ఉన్నా నాలుక దాన్ని ఒక రుచిగా గుర్తించలేదు. నోట్లో ఎప్పుడూ ఊరే లాలాజలంలోనే సోడియం, బైకార్బనేట్ ఉంటాయి. నాలుక దానికి అలవాటుపడి, దానికన్నా తేడా ఉన్నదాన్నే రుచిగా చెబుతుంది. ఏ నీళ్లు తాగి పెరిగితే అవే మంచి నీళ్లుగా తోచడానికి కూడా ఈ అలవాటు తోడవుతుంది.

ఈ గుడ్డితనం ఎంతటిదో తెలియాలంటే దాని పక్కన ముక్కు చురుకును పెట్టి చూడాలి. తొలకరి చినుకు పడగానే వచ్చే మట్టివాసనకు కారణం జియోస్మిన్. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని చేస్తాయి, జలాశయాల్లో కొన్ని రకాల నాచు కూడా చేస్తుంది. లీటరు నీటిలో 10 నానోగ్రాములు ఉంటే చాలు, మనిషి పట్టేస్తాడు. ఫ్లోరైడ్ గరిష్ఠ పరిమితి 1.5 మిల్లీగ్రాములు అంటే దానికి లక్షన్నర రెట్లు. జియోస్మిన్ వల్ల మనిషికి ఏ హానీ లేదు. హాని చేయనిదాన్ని అంత తక్కువలో పట్టే శరీరం, హాని చేసేదాన్ని లక్షన్నర రెట్లు పోసినా పట్టలేకపోతోంది. ఇందులో శరీరం తప్పేమీ లేదు. నీటి జాడ, తడి నేల జాడ తెలియడం ఎండిన నేలల్లో బతికిన మనిషికి అక్కరకొచ్చి ఉంటుంది. వందల అడుగుల లోతు నీళ్లు తాగడం మాత్రం మొన్న మొన్న మొదలైంది. పైగా ఫ్లోరైడ్ ఆ పూటకు కడుపునొప్పి తేదు. చిన్నతనంలో, పంటి పింగాణీ ఏర్పడే ఎనిమిదేళ్ల లోపు తాగినవాళ్లకు పళ్లు గార పడతాయి. వెన్ను బిగుసుకోవడం, కీళ్ల చుట్టూ ఉండే కండరబంధాలు ఎముకల్లా గట్టిపడటం ఏళ్ల తర్వాత కనిపిస్తాయి. తిన్న గంటలో వాంతి చేయించేదాన్ని జంతువు రెండోసారి ముట్టదు. ఇరవై ఏళ్ల తర్వాత వంగదీసేదాన్ని ఏ జంతువూ నేర్చుకోలేదు. ఆర్సెనిక్, నైట్రేట్ కూడా ఇలాంటివే, బెంగాల్‌లో గొట్టపు బావుల ఆర్సెనిక్‌ను కూడా నాలుక పట్టలేదు.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ వస్తుంది. మన పెద్దలు నీళ్లను నాలుకతోనే పరీక్షించలేదు కదా, పప్పు ఉడుకుతుందా లేదా అని చూసేవాళ్లు, సబ్బు నురగ వస్తుందా అని చూసేవాళ్లు, అది ప్రయోగం కాదా అని. ప్రయోగమే, అందులో సందేహం లేదు. కంది గింజ గోడల్లోని పెక్టిన్‌ను కాల్షియం గట్టిగా పట్టి ఉంచుతుంది. కాల్షియం ఎక్కువున్న నీళ్లలో పప్పు ఎంతసేపు ఉడికినా పలుకుగానే ఉంటుంది. సబ్బుతో కలిసి అదే కాల్షియం తెల్లటి తెట్టుగా తేలుతుంది. కాబట్టి పప్పు మెత్తబడే నీళ్లు అంటే కాల్షియం తక్కువున్న నీళ్లు. ఆ పరీక్ష కాల్షియాన్ని సరిగ్గానే కొలిచింది. కానీ భూగర్భంలో కాల్షియానికీ ఫ్లోరైడ్‌కూ పొత్తు కుదరదు. రెండూ కలిస్తే కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగున చేరిపోతాయి. కాల్షియం ఎక్కువున్న నీళ్లలో ఫ్లోరైడ్ పెరగడానికి వీలు తక్కువ. కాల్షియం తగ్గి, సోడియం, బైకార్బనేట్ పెరిగిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతైనా కరిగి ఉండగలదు. ఫ్లోరైడ్ ఎక్కువున్న భూగర్భజలాలు తరచుగా ఈ రెండో రకానివే. ఆ బైకార్బనేట్ తినే సోడా వేసినట్టు పప్పును ఇంకా తొందరగా మెత్తబరుస్తుంది. అంటే పప్పు బాగా ఉడికి, సబ్బు బాగా నురగెత్తి, నాలుకకు చిరచిర తగలని బోరును ఊరంతా మెచ్చుకుని తాగునీటికి ఎంచుకుంటే, ఆ ఎంపికే ఊరిని దెబ్బతీసే అవకాశం ఉంది. పెద్దల తెలివిని తక్కువ చేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. వాళ్లు తమ చేతిలో ఉన్న కొలతతో కొలవగలిగింది కొలిచారు. ఆ కొలత వేరొక ప్రశ్నకు జవాబు, మనం దాన్ని ఈ ప్రశ్నకు జవాబుగా తీసుకున్నాం.

తెలుగు నేల మీద ఈ రోగాన్ని శాస్త్రీయంగా నమోదు చేసింది 1937లో. హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో వెన్ను బిగుసుకుపోయిన మనుషులను పరిశీలించి, కారణం తాగేనీటిలో ఉందని రాశారు. తర్వాతి కాలంలో నల్లగొండ పేరు ప్రపంచమంతా తెలిసింది. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ ఒక పద్ధతి తయారుచేసి దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి బాగా తిప్పి, తేరనిచ్చి, పైనీళ్లు వడకట్టుకోవడమే. పటిక ముద్దగా మారి కిందికి దిగేటప్పుడు ఫ్లోరైడ్‌ను పట్టుకుపోతుంది. టాంజానియా, ఇథియోపియా లాంటి దేశాల పల్లెల్లోనూ దీన్ని వాడారు. ఈ పద్ధతికి ఎదురైన కష్టాల్లో ఒకటి రుచి. ఫ్లోరైడ్ ఎక్కువున్నచోట పటిక కూడా ఎక్కువ వేయాలి, అప్పుడు సల్ఫేట్ పెరుగుతుంది, నీళ్ల రుచి మారుతుంది. శుద్ధిచేసిన నీళ్లు నాలుకకు చెడ్డగా, శుద్ధిచేయని నీళ్లు మంచిగా తోచాయి. ఆరోగ్యశాఖ ఎంత చెప్పినా, నోటికి సయించని నీళ్లను రోజూ తాగమని ఒక ఇంటిని ఒప్పించడం చాలా కష్టం. ఆ కష్టాన్ని ప్రజల అజ్ఞానం అనడం నాకు నచ్చదు. లక్షల ఏళ్లుగా ప్రాణం కాపాడిన ఇంద్రియాన్ని పక్కన పెట్టమని అడుగుతున్నాం, కారణం వివరంగా చెప్పకుండా అడుగుతున్నాం.

అదే కథ ఇప్పుడు మళ్లీ నడుస్తోంది. సాగర్ నీళ్లు 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ చేతుల మీదుగా కాలువల్లోకి దిగాయి. కాలువ కింద పొలాలు పండాయి, మెట్టన ఉన్న మర్రిగూడ వైపు మాత్రం బోర్లే దిక్కు. అక్కంపల్లి జలాశయం మీదుగా కృష్ణా నీళ్లు ఇదే జిల్లా దాటి హైదరాబాద్‌కు పోతుంటే ఇక్కడి పల్లెలు చూస్తూ ఉన్నాయి. ఆ అన్యాయాన్ని సరిచేయడానికి పోరాటాలు జరిగాయి, చివరకు మిషన్ భగీరథ పైపులు వచ్చాయి. ఆ పథకం పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. నదినీళ్లలో ఫ్లోరైడ్ సహజంగానే తక్కువ, కాబట్టి ఈ జిల్లాకు ఇంతకన్నా మంచి మందు లేదు. అయినా ఎన్నో ఇళ్లలో ఆ నళ్లా నీళ్లు గిన్నెలకూ బట్టలకూ పోతున్నాయి, తాగడానికి ప్లాంటు నుంచి క్యాను వస్తోంది. ఎందుకంటే నళ్లా నీళ్లకు క్లోరిన్ వాసన. క్లోరిన్ ఆవిరవుతుంది, ముక్కుకు అందుతుంది. లీటరుకు అర మిల్లీగ్రాము లోపే కొందరు దాన్ని పసిగట్టగలరు. పైపు చివర నళ్లాలో కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలని ప్రమాణాలు అడుగుతాయి, అది మిగిలితేనే దారిలో సూక్ష్మజీవులు చేరలేదన్న భరోసా. ముక్కు దేన్ని చూసి వద్దంటోందో అదే ఆ నీళ్లకున్న రక్షణ. ఇష్టం లేనివాళ్లు బిందెలో పోసి మూత కాస్త తీసి కొన్ని గంటలు ఉంచితే ఆ వాసన చాలావరకు పోతుంది. ఆ తర్వాత మూత పెట్టి, చెంబు ముంచకుండా వాడుకోవాలి.

క్యాను నీళ్లను సమర్థించేవాళ్ల వాదన కొట్టిపారేయదగినది కాదు. ఆర్వో పొర సరిగా పనిచేస్తే ఫ్లోరైడ్‌ను చాలావరకు తీసేస్తుంది, నిజమే. భగీరథ నీళ్లు రాని రోజుల్లో, పైపు పగిలి మురికి కలిసిన రోజుల్లో చాలా ఊళ్లను ఆదుకున్నది ఆ ప్లాంట్లే. నా అభ్యంతరం యంత్రం మీద లేదు, జనం ఆ యంత్రాన్ని నమ్మడానికి చెబుతున్న కారణం మీద ఉంది. నీళ్లు తియ్యగా ఉన్నాయి కాబట్టి మంచివి అంటున్నారు. ఆ తియ్యదనం మొత్తం లవణాలు తగ్గడం వల్ల వస్తుంది, అది ఫ్లోరైడ్ గురించి విడిగా ఏమీ చెప్పదు. ఇళ్లలో పెట్టుకునే ఆర్వో యంత్రాల్లో కొన్నింటికి టీడీఎస్, అంటే నీటిలో కరిగిన మొత్తం లవణాల, సర్దుబాటు మీట ఉంటుంది. శుద్ధమైన నీళ్లు మరీ చప్పగా ఉన్నాయనిపిస్తే అది కొంత పచ్చినీటిని తిరిగి కలుపుతుంది. ఆ యంత్రానికి వచ్చేది ఫ్లోరైడ్ బోరు నీళ్లే అయితే రుచి కోసం తిప్పిన ఆ మీట, తీసేసిన ఫ్లోరైడ్‌లో కొంత భాగాన్ని మళ్లీ గ్లాసులో పోస్తుంది, తాగేవాళ్లు రుచి బాగుపడిందని సంతోషిస్తారు. కాచి తాగితే చాలదా అని మరికొందరు అడుగుతారు. కాచడం క్రిములకు మందు, ఫ్లోరైడ్‌కు కాదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో దాని పాలు కాస్త పెరుగుతుంది కూడా.

నాలుకకు శిక్షణ ఇస్తే కుదరదా అనేది మరో ప్రశ్న. టీ రుచి చూసి తోట పేరు చెప్పేవాళ్లు, సెంటు పీల్చి ముప్పై దినుసులు చెప్పేవాళ్లు ఉన్నారు కదా. ఉన్నారు. వాళ్లు సాధించింది, గ్రాహకాలు పంపే సంకేతాలను గుర్తుంచుకోవడంలో, వేరుచేయడంలో, పేరు పెట్టడంలో నేర్పు. సంకేతమే పుట్టనిచోట ఏ సాధనా పనిచేయదు. పిల్లికి తీపి తెలియదని, తీపి గ్రాహకంలో ఒక భాగం జన్యువు దానిలో చెడిపోయిందని 2005లో తేలింది. దానికి రోజూ లడ్డూ పెట్టి నేర్పినా తీపి తెలియదు. ఫ్లోరైడ్ ముందు మనం ఆ పిల్లి స్థితిలో ఉన్నాం. అయితే నోటికీ ఈ కథకూ ఇంకో దారిలో సంబంధం ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో పాఠశాల బాలురకు మధ్యాహ్నం అన్నంతో రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూస్తే వాళ్ల మూత్రంలో బయటికిపోయే ఫ్లోరైడ్ పెరిగిందని ప్రచురించారు. చారు, పులుసు లేకుండా ముద్ద దిగని ప్రాంతానికి ఇది సంతోషం కలిగించే సంగతే. కానీ అది చిన్న అధ్యయనం, కొద్దిరోజుల అధ్యయనం. చింతపులుసు ఉందని చెడ్డ బోరు నీళ్లు తాగడానికి ఎవరూ దాన్ని సాకుగా తీసుకోకూడదు.

నాలుకకూ ముక్కుకూ తెలియనిచోట ఏం చేయాలన్నది మనిషి ఇంతకుముందే తేల్చుకున్న ప్రశ్న. వంటగ్యాసుకు తనంతట వాసన ఉండదు. సిలిండర్లలో గంధకం ఉన్న మెర్కాప్టాన్‌ను కావాలనే కలుపుతారు, ముక్కు దాన్ని అతి స్వల్పంగా ఉన్నా పట్టేస్తుంది. ఫ్లోరైడ్‌కు అలా వాసన అంటించలేం. కానీ దాన్ని కంటికి చూపించగలం. జిర్కోనియం, అలిజరిన్ కలిపిన ఎర్రటి ద్రావకం చుక్కలు నీటి నమూనాలో వేస్తే, ఫ్లోరైడ్ జిర్కోనియాన్ని లాగేసుకుంటుంది, ఎరుపు తగ్గి పసుపు తేలుతుంది. ఎంత పసుపు తిరిగితే అంత ఫ్లోరైడ్, పెట్టెతో వచ్చే రంగు పట్టికతో పోల్చి చూసుకోవచ్చు. ప్రతి ఊళ్లో అయిదుగురు మహిళలకు ఇలాంటి పరీక్ష పెట్టెలు వాడటం నేర్పాలని జల్ జీవన్ మిషన్ నియమం పెట్టింది. ఇది ఈ ప్రాంత రైతుకు అర్థంకాని సంగతి కాదు. ఒకప్పుడు వడ్లు పంటికింద పెట్టి కొరికి, టక్కున విరిగితే ఎండినట్టు, నలిగితే తేమ ఉన్నట్టు లెక్క. ఇవాళ కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటిందా లేదా అన్నది మీటరు చెప్పాలి. 17కూ 18కీ మధ్య పంచాయితీ పడితే రైతు ఇంకో మీటరు తెచ్చి మళ్లీ కొలవమంటాడు. కొరికి చూసి చెప్పిన మాటకు ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా, అందులో ఆరునెలల కష్టం ఉంది. పిల్లల పళ్లూ వెన్నూ వడ్లకన్నా తక్కువవి కావు. నీళ్ల ప్లాంటు గోడమీద ఇరవై లీటర్ల క్యాను ధర పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. దాని పక్కన, అంతే పెద్ద అక్షరాల్లో, ఈ నెల కొలిచిన ఫ్లోరైడ్ ఎంత, ఏ తేదీన కొలిచారు అన్నది రాయాలని గ్రామసభ తీర్మానం చేయవచ్చు. పంచాయతీ నళ్లాకూ అదే నియమం ఉండాలి. ఆ అంకె ఒకటి దాటితే కారణం అడగాలి, ఒకటిన్నర దాటితే పొర మార్చేదాకా అక్కడ క్యాను నింపకూడదు, నీళ్లు ఎంత తియ్యగా ఉన్నా సరే.